అనంతగిరి ఎక్కేవాళ్లకు ఒక మాట

ఆదివారం తెల్లారేసరికి హైదరాబాద్ సైకిళ్లు వికారాబాద్ దాటి అనంతగిరి ఘాటు ఎక్కుతుంటాయి. తొక్కేవాళ్లలో ట్రయథ్లాన్‌కు సాధన చేసేవాళ్లూ ఉంటారు. ఆ పోటీల్లో ఒకటైన ఐరన్‌మ్యాన్ అంటే 3.8 కిలోమీటర్ల ఈత, 180 కిలోమీటర్ల సైకిల్, 42.2 కిలోమీటర్ల పరుగు, అన్నీ ఒకే రోజు. ఒళ్లు వద్దన్నా వినకుండా సాగేవాడే గట్టివాడన్న నమ్మకం ఈ ఆటలో బాగా పాతుకుపోయింది. దీర్ఘకాలిక జబ్బున్నవాళ్లకు ఆ నమ్మకం ప్రాణం మీదికి తెస్తుంది. 1994లో హవాయి ఐరన్‌మ్యాన్ గెలిచిన ఆస్ట్రేలియా ఆటగాడు గ్రెగ్ వెల్చ్‌కు 1999లో అదే పోటీలో ఈదుతుండగా గుండె లయ తప్పింది. ఆగుతూ, సాగుతూ చివరిదాకా వెళ్లి పదకొండో స్థానంలో నిలిచాడు. ఆ తర్వాత గుండెకు పలుమార్లు చికిత్సలు జరిగాయి, వృత్తి క్రీడాజీవితం ముగిసింది. పోటీయే జబ్బు తెచ్చిందని అనను. కానీ అలా పూర్తిచేయడాన్ని ఆదర్శంగా చూపడం మాత్రం అన్యాయం.

బ్రిటన్ రోయింగ్ వీరుడు స్టీవ్ రెడ్‌గ్రేవ్ దారి వేరు. 1992లో పేగుపూత, 1997లో మధుమేహం బయటపడ్డాయి. అయినా 2000 సిడ్నీలో వరుసగా ఐదో ఒలింపిక్ స్వర్ణం గెలిచాడు. షుగర్ చూసుకోవడం, తిండికీ శ్రమకూ తగ్గట్టు ఇన్సులిన్ సర్దుకోవడం ఆయన రోజువారీ సాధనలో కలిసిపోయాయి. పట్టుదల అంటే నాకు ఇదే. ఇలా జాగ్రత్తపడుతూ కూర్చుంటే పక్కవాడు దాటిపోడా అని అడుగుతారు. కొన్నిసార్లు దాటిపోతాడు, నిజమే. హైదరాబాద్‌లో తయారైన బ్యాడ్మింటన్ క్రీడాకారిణి సైనా నెహ్వాల్ తనకు కీళ్లవాతం ఉందని, రోజుకు ఎనిమిది తొమ్మిది గంటలు సాధన చేయలేనని 2024లో బహిరంగంగా చెప్పింది. లండన్ ఒలింపిక్స్‌లో కాంస్యం గెలిచిన మనిషి ఆ మాట చెప్పడానికి తక్కువ ధైర్యం కావాలా?

విశ్రాంతి డబ్బున్నవాళ్ల మాట అనేది ఇంకా బరువైన ఆక్షేపణ. తాండూరు నాపరాయి గనిలో, పాలిషింగ్ యూనిట్‌లో రోజుకూలీకి ఆయాసం వస్తే ఆగే వీలెక్కడిది? ఆగితే కూలి పోతుంది. అందుకే జబ్బును ఓర్చుకోవడాన్ని పొగిడే అలవాటు మైదానంలోనే ఆగదు, పనిచోట మనిషిని అరగదీయడానికి సాకు అవుతుంది. విశ్రాంతిని ఎప్పుడూ ఇలా చూడలేదు. ఇదే అనంతగిరి మీద నిజాం కాలంలో క్షయ శానటోరియం పెట్టారు. క్షయకు సరైన మందులు రాకముందు శానటోరియాల్లో వైద్యమంటే మంచి గాలి, బలమైన తిండి, విశ్రాంతి. విశ్రాంతిని వైద్యులు రాసిచ్చేవారు, సోమరితనం అనేవారు కాదు.

ఈ ఆదివారం ఘాటు మీద ఎవరైనా సైకిల్ దిగి కూర్చుంటే, ఇంకొంచెం తొక్కమని తొందరపెట్టకండి. షుగర్ చూసుకున్నావా, ఆయాసంగా ఉందా, గుండె దడగా ఉందా అని అడగండి.