ఐదింట రెండు

మొదటి రోజు క్లాసులో బోర్డు మీద పాఠం పేరు రాయను. తలా ఒక చిన్న కాగితం ఇచ్చి, 1/2, 1/3 కలిపితే ఎంతో రాసి మడిచి ఇవ్వమంటాను. పేరు రాయొద్దని మరీ మరీ చెబుతాను. కాగితాలు విప్పితే ఏటా ఒకే జవాబు కుప్పగా తేలుతుంది: 2/5. పైవి పైవి కలిపారు, కిందివి కిందివి కలిపారు.

నేను పాఠం చెప్పేది వరంగల్ దగ్గర ఒక ఫార్మసీ కాలేజీలో. నా ముందు కూర్చునేవాళ్ళంతా ఇంటర్లో బైపీసీ చదివి వచ్చినవాళ్ళు. ఫార్మసీ కౌన్సిల్ ఆఫ్ ఇండియా సిలబస్ ప్రకారం బి.ఫార్మసీ మొదటి సెమిస్టర్లో వీళ్ళకి రెమిడియల్ మ్యాథమెటిక్స్ అనే పేపరుంది. ఎంపీసీ నుంచి వచ్చినవాళ్ళు అదే వేళకి పక్క గదిలో రెమిడియల్ బయాలజీ వింటుంటారు. గోడకి ఇటు లెక్కల భయం, అటు లాటిన్ పేర్ల భయం.

"సార్, లెక్కలు రావనే బైపీసీ తీసుకున్నం. గివి ఇక్కడ గూడ ఇడిచిపెట్టవా?" అని ఒకమ్మాయి అడిగింది. క్లాసంతా గొల్లుమంది. నేనూ నవ్వాను గానీ, ఆ అమ్మాయి మాటలో న్యాయముంది. పదో తరగతి చివరి లెక్కల పరీక్ష రాసి బయటికొస్తూ ఇక జన్మలో వీటి మొహం చూడనని ఒట్టేసుకున్న పిల్లలు వీళ్ళు. రెండేళ్ళపాటు ఆ ఒట్టు నిలబెట్టుకున్నారు కూడా. ఫిజిక్సులో, కెమిస్ట్రీలో లెక్క ఎదురైతే పక్కకి తప్పుకుని థియరీ ప్రశ్న రాసి గట్టెక్కారు.

అలాంటివాళ్ళ చేతికి సిలబస్ ఏమిస్తోందో చూడండి. పాక్షిక భిన్నాలు, లాగరిథమ్స్, లిమిట్స్, మాత్రికలు, అవకలనం, సరళరేఖలు, సమాకలనం, అవకలన సమీకరణాలు, చివర్న లాప్లాస్ పరివర్తన. మొత్తం 5 యూనిట్లు, యూనిట్‌కి 6 గంటలు, వెరసి 30 గంటలు. ఎంపీసీ పిల్లలు రెండేళ్ళు నడిచిన దారిని, ఆపైన ఇంజనీరింగ్ వాళ్ళ పాఠాన్ని కూడా కలిపి 30 గంటల్లో పరుగెత్తాలి. అడ్మిషన్లు ఆలస్యమై, మధ్యలో దసరా సెలవులు కూడా వస్తే ఆ 30 కూడా కాగితం మీదే.

మొదట్లో నేనూ పరుగెత్తించాను. సిలబస్ పూర్తి చేశాను, ముఖ్యమైన ప్రశ్నలు టిక్కు పెట్టి ఇచ్చాను, పిల్లలు పాసయ్యారు. అందరం సంతోషం. తర్వాత ఒకరోజు స్టాఫ్ రూములో ఫార్మాస్యూటిక్స్ చెప్పే సహోద్యోగి ఒక జవాబు పత్రం తెచ్చి నా టేబుల్ మీద పడేశాడు. 12 కిలోల బరువున్న పిల్లవాడికి కిలోకి 15 మిల్లీగ్రాముల చొప్పున పారసెటమాల్ ఇవ్వాలి. సిరప్ 5 మిల్లీలీటర్లలో 250 మిల్లీగ్రాముల మందుంది. ఎన్ని మిల్లీలీటర్లు పొయ్యాలి? 12ని 15తో గుణించి 180 అని ఆ విద్యార్థి సరిగ్గానే రాశాడు. ఆ తర్వాత 180ని 250తో గుణించి 5తో భాగించాడు. జవాబు 9000 మిల్లీలీటర్లు. దాని కింద రెండు గీతలు కూడా కొట్టాడు.

పన్నెండు కిలోల పిల్లవాడికి తొమ్మిది లీటర్ల సిరప్. రావాల్సింది 3.6 మిల్లీలీటర్లు.

ఆ రాతని గుర్తుపట్టాను. లాప్లాస్ పరివర్తన ప్రశ్నకి నా దగ్గర పూర్తి మార్కులు తెచ్చుకున్న కుర్రాడిదే అది. నేను వేసిన ఆ పూర్తి మార్కులకి అర్థమేమిటో ఆ సాయంత్రం బస్సులో ఇంటికెళ్తూ చాలాసేపు ఆలోచించాను. వాడికి లాప్లాస్ రాక కాదు, లాప్లాస్ ఒక్కటే వచ్చి. దాని కింద ఉండాల్సిన మెట్లు లేవు.

అప్పట్నించి నా పద్ధతి మార్చుకున్నాను. ఉన్న గంటల్లో మొదటి పది భిన్నాలకి, నిష్పత్తులకి, ఋణ సంఖ్యలకి ఇచ్చేస్తాను. సిలబస్ ఎలా అవుతుందని ప్రిన్సిపాల్ అడిగారు. అవుతుందన్నాను. నిజం చెప్పాలంటే కొంత అవదు, దాన్ని కుదించి చెబుతాను.

ఆ 2/5 దగ్గరికి వస్తాను. అది మొద్దు జవాబని చాలాకాలం అనుకున్నాను. కాదు. ఒక పరీక్షలో రెండు ప్రశ్నలకి ఒకటి, ఇంకో పరీక్షలో మూడింటికి ఒకటి రాస్తే మొత్తం ఐదింట రెండు రాసినట్టే కదా! ఆ లెక్క తప్పు కాదు, అడిగిన ప్రశ్న అది కాదు, అంతే. పిల్లలు వేరే ప్రశ్నకి సరైన జవాబిస్తున్నారు. ఇది తెలిశాక నేను తప్పు కొట్టివేయడం మానేసి, "ఈ జవాబు ఏ ప్రశ్నది?" అని అడగడం నేర్చుకున్నాను. ఆ తర్వాత అడుగుతాను: సగం రొట్టె ఉంది, దానికి ఇంకో ముక్క కలిపాం. ఇప్పుడున్నది సగంకంటే ఎక్కువా, తక్కువా? ఎక్కువే అని అందరూ అరుస్తారు. మరి 2/5 సగంకంటే ఎక్కువా? అప్పుడు క్లాసు నిశ్శబ్దమవుతుంది. ఆ నిశ్శబ్దాన్ని తొందరపడి నింపకుండా చేతులు కట్టుకు నిలబడటమే ఈ పనిలో నాకు అన్నిటికంటే కష్టమనిపించింది. ముప్పై గంటలే ఉన్నాయన్న తొందర గొంతులోకి వచ్చేస్తుంటుంది.

సమీకరణాల్లోనూ ఇలాంటిదే ఒకటుంది. 3x = 12 అంటే x = 9 అని రాస్తారు. "అటు పోతే గుర్తు మారుతది సార్" అంటారు. మూడు అటెందుకు పోయిందో, పోయి ఏం చేసిందో ఎవరూ చెప్పలేదు. మేం చిన్నప్పుడు పక్షాంతరం అనేవాళ్ళం, మాకూ ఎవరూ చెప్పలేదు.

లాగరిథమ్స్ దగ్గర మాత్రం ఫార్మసీ పిల్లలతో నాకు పండగే. log (2+3) అంటే log 2, log 3 కలిపెయ్యడం ఏటా జరిగేదే. సరే కలపండంటాను. 0.3010, 0.4771 కలిపితే 0.7781. ఇప్పుడు ఆ విలువ ఏ సంఖ్యదో చూడమంటే కాలిక్యులేటర్లు టకటకలాడతాయి. ఆరు! ఐదు రావాల్సిన చోట ఆరెందుకొచ్చిందో వాళ్ళలో వాళ్ళే కొట్లాడుకుంటారు. కలిపితే గుణకారమైందని వెనక బెంచీ నుంచి ఎవరో ఒకరు కనిపెడతారు. ఆ తర్వాత పీహెచ్ దగ్గరికెళ్తే దారి సాఫీ. పీహెచ్ 7 నుంచి 5కి దిగిందంటే రెండు తగ్గింది కాదు, ఆమ్లత్వం వంద రెట్లయింది. రక్తం పీహెచ్ సుమారు 7.4. అది 7.1కి పడితే డాక్టర్లు ఎందుకు పరుగెడతారో బయాలజీ చదివిన పిల్లలకి నేను చెప్పక్కర్లేదు. పాయింట్ మూడే కదా అనిపించే ఆ తేడా అంటే హైడ్రోజన్ అయాన్లు దాదాపు రెట్టింపని లాగ్ చెబుతుంది. ఆ రోజు వాళ్ళ మొహాలు చూడాలి. తమకి తెలిసిన ఊళ్ళోకే లెక్క వచ్చి తలుపు తట్టినట్టుంటుంది.

అలిగేషన్ అనే మిశ్రమాల లెక్క కూడా అంతే. 90 శాతం ఆల్కహాల్, 40 శాతం ఆల్కహాల్ కలిపి 60 శాతం చెయ్యాలి. 60కీ 40కీ తేడా 20, 90కీ 60కీ తేడా 30. మొదటిది రెండు పాళ్ళు, రెండోది మూడు పాళ్ళు. ఇది ఫార్మాస్యూటిక్స్ పేపర్లో అదే సెమిస్టర్లో ఉంది. మన కంసాలి వేరువేరు వన్నెల బంగారం కరిగించి కలిపినప్పుడు వేసే లెక్కకి ఇది చుట్టమే. అలాంటి లెక్కల పుస్తకాన్ని, మహావీరాచార్యుడి గణిత సార సంగ్రహాన్ని, పావులూరి మల్లన ఏనాడో తెలుగు పద్యాల్లోకి దించాడు. వాళ్ళ నాన్నగారు కంసాలి పని చేస్తారని ఒక అబ్బాయి ఈ లెక్క విన్నాకే చెప్పాడు. తర్వాతి క్లాసు వాడే చెప్పాడు, నేను బెంచీలో కూర్చున్నాను.

కొన్ని కాలేజీల్లో ఈ రెమిడియల్ లెక్కల పేపర్ని ఎవరికి ఖాళీ ఉంటే వాళ్ళకి అంటగడతారు. కొత్తగా చేరిన వాళ్ళకో, గంటల లెక్కన వచ్చి పోయేవాళ్ళకో. బలహీనంగా ఉన్న పిల్లల దగ్గరికి అనుభవం లేనివాళ్ళని పంపడం ఏం న్యాయమో నాకు అర్థం కాదు. డిఫరెన్షియేషన్ ఎవరైనా చెప్పగలరు. భిన్నాలు పద్దెనిమిదేళ్ళవాళ్ళకి చిన్నబుచ్చకుండా చెప్పడానికి చెయ్యి తిరగాలి.

ఈ ఏడు కౌన్సెలింగ్‌లో సీటొచ్చి ఫార్మసీలో చేరబోయే పిల్లల అమ్మానాన్నలకి ఒక్క మాట. క్లాసులు మొదలవడానికి ఇంకా టైముంది. ఇంట్లో అటక మీద ఏడో తరగతి, ఎనిమిదో తరగతి లెక్కల పుస్తకాలు ఉంటే పాత పేపర్లవాడికి వెయ్యకండి. దుమ్ము దులిపి పిల్లల సంచీలో పెట్టి పంపండి.