ప్రియదర్శిని నుంచి సత్యపీఠం దాకా

అంతర్వేదిలో మాఘ శుద్ధ దశమి రాత్రి లక్ష్మీనరసింహస్వామి కల్యాణం, మర్నాడు భీష్మ ఏకాదశికి రథోత్సవం. పెళ్ళినే ఊరి పండగగా చేసుకునే ఈ సీమకు ‘మాయాబజార్’ సినిమాతో చుట్టరికం కూడా ఉంది. అందులో పెళ్ళికొడుకు లక్ష్మణకుమారుడిగా వేసిన రేలంగి పుట్టింది రావులపాలెం దగ్గరి రావులపాడులో. శర్మ, శాస్త్రుల జంటలో శర్మగా నవ్వించిన అల్లు రామలింగయ్యది పాలకొల్లు. సఖినేటిపల్లి రేవు దాటి నరసాపురం మీదుగా వెళ్తే వచ్చే ఊరే.

1957 మార్చి 27న విడుదలైన ఈ సినిమా పాటలు, మాయలు, నటన గురించి తెలుగువాళ్ళు చెప్పుకోనిది లేదు. వాటన్నిటినీ మోసిన కథ పనితనం గురించి మాత్రం తక్కువగా మాట్లాడుకుంటాం. కథానాయిక, బలరాముడి కూతురు శశిరేఖ వ్యాసభారతంలో లేదు. మన నాటకరంగం పెంచుకున్న పిల్ల. సురభివారి రంగస్థలం మీద ఆడిన కథ, 1936లోనే ఒకసారి తెరకెక్కిన కథ. దాన్ని దర్శకుడు కె.వి.రెడ్డి, రచయిత పింగళి నాగేంద్రరావు ఎక్కడా వదులు లేకుండా బిగించారు.

ముడి చాలా చిన్నది. శశిరేఖను అభిమన్యుడికిస్తామని చిన్ననాడే అనుకున్నారు. పాండవులు జూదంలో రాజ్యం పోగొట్టుకున్నాక ఆ మాట శశిరేఖ తల్లి రేవతికి చేదైంది. హస్తినలో పొగడ్తలకు లొంగిన బలరాముడు దుర్యోధనుడి కొడుకు లక్ష్మణకుమారుడి సంబంధానికి సరేనన్నాడు. పిల్లల ప్రేమకు అడ్డం వచ్చింది శాపమూ కాదు, రాక్షసుడూ కాదు. కన్నవాళ్ళే. అందుకే ద్వారకలో జరిగిన కథ మన వీధి అరుగు మీద జరిగినట్టుంటుంది. రాక్షసుడైన ఘటోత్కచుడు వచ్చేది ఆ ప్రేమను గట్టెక్కించడానికి!

రేవతి మనసు మారబోతోందని రచయిత ముందే చెప్పేశాడు, అదీ ఒక్క ముక్క ఉపదేశం లేకుండా. శశిరేఖ పుట్టినరోజునాడు వచ్చిన ప్రియదర్శిని పెట్టెలో ఎవరికి ఏది ప్రియమో అది కనిపిస్తుంది. శశిరేఖకు అభిమన్యుడు, రేవతికి నగలు, బలరాముడికి శిష్యుడు దుర్యోధనుడు, కృష్ణుడికి శకుని. చూసేటప్పుడు అది వేడుక. వెనక్కి తిరిగి చూస్తే కథంతా ఆ పెట్టెలోనే ఉంది. తర్వాత ఎవరు ఏం చేసినా అందులో కనబడినదాన్ని బట్టే చేస్తారు.

ఇంకో సాహసం, పాండవులు తెరమీద కనిపించకపోవడం. వాళ్ళు ఎదురుగా ఉంటే మనసు జూదం మీదికీ అడవి మీదికీ పోయేది. వాళ్ళ కష్టాన్ని అభిమన్యుడి తల్లి సుభద్ర ముఖంలో చూపించి, కథను పెళ్ళిపందిరి దాటనివ్వలేదు.

ఇక ఆ పెళ్ళి. అసలు శశిరేఖను ఘటోత్కచుడు పానుపుతో సహా ఎత్తుకుపోయి, తానే శశిరేఖగా పీటల మీద కూర్చుంటాడు. శశిరేఖగా వేసిన సావిత్రి ముఖంలో సిగ్గు, నడకలో మగవాడి బరువు. ఆమె పాదం రేలంగి పాదం మీద పడగానే పెళ్ళికొడుకు అరుస్తాడు. ఆ మాయా శశిరేఖ చూపించే భయంకర రూపాలు అతనికి తప్ప మరెవరికీ కనబడవు. మరోవైపు ఘటోత్కచుడి ఆశ్రమంలో శశిరేఖ, అభిమన్యుల అసలు పెళ్ళి. రెండు పందిళ్ళలోనూ కృష్ణుడున్నాడు. ఒకచోట నవ్వు, ఒకచోట మంగళం, రెండూ ఒకే ముహూర్తంలో. ఒక పందిట్లో హాస్యం పెరిగేకొద్దీ రెండో పందిట్లో ప్రేమ గట్టిపడుతుంది. హాస్యాన్ని కథకు పక్కన పెట్టకుండా కథ నడిపే పనిలో పెట్టడమంటే ఇది.

చివరికి కృష్ణుడి అనుచరుడు సాత్యకి నేర్పుగా శకునిని, ఎక్కినవాళ్ళ చేత నిజం చెప్పించే సత్యపీఠం ఎక్కిస్తాడు. రాబోయే యుద్ధంలో యాదవుల అండ కోసమే ఈ సంబంధం కలుపుకున్నామని శకుని తన నోటితోనే చెప్పేస్తాడు. మొదట ఒక పెట్టె మనసులు చూపించింది, చివర ఒక పీట మనసులో మాట పలికించింది. మధ్యలో మాయ చేసిన పనల్లా అబద్ధానికి చోటు లేకుండా చేయడమే. ఇంత గొడవలోనూ ఒక్క ప్రాణం పోలేదు. పెద్దలను ఓడించి కాదు, వాళ్ళ కళ్ళు తెరిపించి పిల్లలను గెలిపించిన కథ ఇది. తెలుగులో ప్రేమకథ రాయబోయేవారెవరైనా ముందుగా విప్పి చూసి, మళ్ళీ బిగించి నేర్చుకోవలసిన అల్లిక.