తీర్పు తీర్చువారెవరు? - డుబోయిస్ గ్రంథముపై ఒక విమర్శ

ఒకరిని నిందించవలసి వస్తే తెలుగులో "నీతీ జాతీ లేనివాడు" అంటాము. నీతిని జాతితో ముడివేసిన మాట ఇది. నల్లజాతివారి విషయములో అటువంటి ముడిని విప్పజూచిన తొలి పరిశోధనలలో డబ్ల్యూ.ఇ.బి. డుబోయిస్ 1899లో ప్రచురించిన 'ది ఫిలడెల్ఫియా నీగ్రో' ముఖ్యమైనది.

సెవెంత్ వార్డు నల్లవారు నేరస్థులని నగర పెద్దలు ముందే తీర్మానించుకున్నారు. డుబోయిస్ ఆ వార్డులోనే కాపురముండి, ఇంటింటికి తిరిగి, నేరము వెనుక దొరకని ఉద్యోగమును, ఇరుకు గదులకు కట్టే హెచ్చు అద్దెను, బానిసత్వ చరిత్రను చూపించారు. అంతకు ఆరేళ్ల ముందు, 1893లో, డర్క్‌హైమ్ నీతిని సమాజపు ఉమ్మడి మనస్సాక్షిలో వెదికారు. ఆ సమాజములో ఎవరి మాట చెల్లుతుందన్నది ఆయనను అంతగా బాధించలేదు. డుబోయిస్‌కు ఆ ప్రశ్న తప్పలేదు.

మనకును తప్పదు. సోంపేట బీలలో రంగుభేదము లేదు గాని, పేరు పెట్టే అధికారమున్నది. వరికి, చేపలవేటకు ఆధారమైన ఆ చిత్తడి నేలను బంజరన్నారు. థర్మల్ విద్యుత్ కేంద్రము వద్దన్న రైతులు, మత్స్యకారులు అభివృద్ధి నిరోధకులయ్యారు. 2010 జూలై 14న పోలీసు కాల్పులలో ప్రాణాలు పోయాయి. అదే రోజు జాతీయ పర్యావరణ అప్పిలేట్ అథారిటీ ఆ కేంద్రపు అనుమతిని రద్దు చేసింది! మరుసటి ఏడు ఫిబ్రవరి 28న టెక్కలి దాపున కాకరాపల్లిలో మరల కాల్పులు జరిగాయి.

అయితే ఈ గ్రంథములో మేము అంగీకరించలేని భాగమొకటి ఉన్నది. డుబోయిస్ తన ప్రజలనే నాలుగు శ్రేణులుగా విభజించి, అట్టడుగువారిని 'మునిగిపోయిన పదవ వంతు' అన్నారు. (రక్షణ సైన్య స్థాపకుడు విలియం బూత్ 1890లోనే వాడిన మాట ఇది.) కుదురైన కుటుంబము, పొదుపు, మర్యాద: పెద్దల కొలబద్దనే ఆయనా చేతబట్టారు. తీర్పుకు గురైనవాడే అదే తీర్పును తనకన్న దిగువవానిపై మోపడము ఇక్కడ కనబడుతుంది.

ఈ పేదల ఇండ్లనుండే వచ్చిన మన కాపరులలోను ఇది లేకపోలేదు. ఉద్దానములో మూత్రపిండాల వ్యాధి వచ్చినవాని మంచము ప్రక్కన ప్రార్థన ముగియకముందే త్రాగుడు మాట ఎత్తుతాము. మద్యము ముట్టని స్త్రీలకును ఆ వ్యాధి వచ్చినదని మనకు తెలుసు. పుట్టు గ్రుడ్డివానిని చూచి పాపము చేసినదెవరని శిష్యులు అడిగిన ప్రశ్న, యోహాను సువార్త తొమ్మిదవ అధ్యాయము, మనమే బోధిస్తాము.

డుబోయిస్ శ్రేణులను విడిచి, ఆయన ప్రశ్నలను మాత్రము విద్యార్థులు పలాస జీడిపప్పు కార్మికుల ఇండ్లకు తీసుకొని వెళ్లవచ్చును. కూలి ఎంత, అప్పు ఎవరివద్ద, త్రాగునీరు ఎక్కడిది, డయాలసిస్‌కు పోయిరావడానికి ఎన్ని దినముల కూలి పోతుంది? వారి నడవడిని గూర్చిన ప్రసంగము ఆ తరువాత వ్రాసుకొనవచ్చును.