అర జానెడు రబ్బరు

మా మేనల్లుడు కారు కొని నెల కాలేదు. అప్పుడే ఫోనులో 17 అంగుళాల అల్లాయ్ వీల్స్ బొమ్మ చూపించి, "ఎట్టా ఉన్నాయి మావా?" అన్నాడు. బాగున్నాయి. చక్రం నిండుగా కనబడితే కారుకు కళ వస్తుంది, కాదనను.

వాణ్ణి కారు దగ్గరకు తీసుకెళ్లి టైరు మీద అంకెలు చదవమన్నాను. 185/65 ఆర్15. టైరు వెడల్పు 185 మిల్లీమీటర్లు, అందులో 65 శాతం రిమ్ముకూ రోడ్డుకూ మధ్యనున్న రబ్బరు ఎత్తు. అంటే 120 మిల్లీమీటర్లు, అర జానెడు. వాడు మెచ్చిన 205/45 ఆర్17లో అది 92కు దిగుతుంది, బెత్తెడు కంటే కాస్త ఎక్కువ. చక్రం మొత్తం ఎత్తు మారితే స్పీడోమీటరు తప్పు చూపిస్తుంది కాబట్టి, రిమ్ము పెరిగేదంతా రబ్బరును తినే పెరగాలి.

పొట్టి రబ్బరుకు మలుపులో ఊగులాట తక్కువ, స్టీరింగు చెప్పినట్టు వింటుంది. మేదరమెట్ల దగ్గర హైవే ఎక్కితే ఆ సుఖం తెలుస్తుంది. కానీ హైవే ఎక్కేదాకా మన రోడ్లున్నాయి. నాట్ల కాలంలో దమ్ముచక్రాలు తీయకుండానే ట్రాక్టర్లు తారురోడ్డెక్కుతాయి. వాన పడితే గుంటేదో నీళ్లేదో తెలియదు.

నా పాత కారుకు 17 వేయించుకున్నాను. ఒక రాత్రి దర్శి నుంచి వస్తుంటే ముందు చక్రం గుంటలో దబ్బున పడింది. తెల్లారి చూస్తే టైరు పక్కన సపోటా కాయంత బుడిపె. రిమ్ము మాత్రం పైకి శుభ్రంగా ఉంది. పంచర్ షాపు కుర్రాడు గాలి పట్టి నీళ్ల తొట్టిలో ముంచాడు. రిమ్ము లోపలి అంచు వెంట ఆవగింజలంత బుడగలు వరసకట్టి లేచాయి. వెంట్రుకవాసి పగులు. ఇనప డిస్కయితే సొట్టపడేది, సుత్తితో సరిచేసేవాళ్లు.

పెట్రోలు లెక్క కూడా ఉంది. వెడల్పు పెరిగి, బరువు అంచుకు జరిగితే ఆగి కదిలిన ప్రతిసారీ ఇంజను ఎక్కువ కష్టపడాలి. మా తాత ఇనప పట్టా చక్రాలు తీసేసి టైరు బండి కట్టించినప్పుడు, బండి అందం పోయిందన్నారట ఊళ్లో. తాత వాళ్లకు ఎద్దుల మెడలు చూపించాడట.

అందుకే వాడికి ఒక్క అంగుళమే పెంచుకోమన్నాను. 195/55 ఆర్16 అయితే 107 మిల్లీమీటర్ల రబ్బరు మిగులుతుంది, చక్రం ఎత్తులో తేడా మిల్లీమీటరు కూడా రాదు. పక్కనుండే బరువు అంకె మాత్రం తగ్గకూడదు. వాడి టైరు మీద 88 ఉంది, టైరుకు 560 కిలోలు. 84 అయితే 500 కిలోలే. పెళ్లికి ఐదుగురు ఎక్కి, డిక్కీ నిండా సామాను పెట్టే ఇల్లు మాది. ఇక గాలి పొద్దున్నే, బండి కదలకముందే చూసుకోవాలి. మే ఎండలో గాలి తక్కువైన టైరును నేను నమ్మను.

వాడు ఫోను జేబులో పెట్టి, టైరుకు బెత్త ఆనించి కొలిచాడు.

"16లో ఐదు ఆకులవి దొరుకుతాయా మావా?"

"దొరుకుతాయి. ఆదివారం ఒంగోలు పోదాం."