నిన్నటి నుంచి ఏం మారింది?

పాత కొట్లలో గుమాస్తాలు రాత్రి తలుపులు వేసే ముందు చిట్టా రాసేవారు. కొట్లో ఉన్న సరుకంతా మళ్లీ లెక్కపెట్టేవారు కాదు. ఆ పూట వచ్చిందేమిటి, పోయిందేమిటి, అంతే. సరుకంతా తూచి చూసుకునే పని ఏ ఏడాదికో ఒకసారి. కంప్యూటర్లో ఇంక్రిమెంటల్ బ్యాకప్ అంటే ఇదే. మొదట మొత్తం నకలు తీసి పెట్టుకుంటాం. ఆ తర్వాత మారినవి మాత్రమే.

వినడానికి సులువే. అయితే ఏవి మారాయో తెలుసుకోవడానికి యంత్రం ఎంత గుర్తుపెట్టుకోవాలి, అందుకు ఎంత ర్యామ్ కావాలి? ఈ ప్రశ్న ముందు ఎవరికీ తట్టదు. నాకూ తట్టలేదు. మా ఇంట్లో ఒక ముసలి డెస్క్‌టాప్ ఉంది, ర్యామ్ ఒక జీబీ. పారేయడం ఇష్టంలేక లినక్స్ వేసి, ఇంటిల్లిపాది ఫొటోలకూ కాగితాలకూ దాన్ని గాదెగా మార్చాను. కొత్త తరహా బ్యాకప్ సాఫ్ట్‌వేర్ ఒకటి పెట్టి పడుకున్నాను. తెల్లారి చూస్తే పని సగంలో ఆగిపోయి ఉంది. మెమరీ పూర్తిగా నిండిపోతే, ఎక్కువ మింగుతున్న ప్రోగ్రామును పట్టుకుని చంపేసే ఏర్పాటు లినక్స్‌లో ఉంది. రాత్రి ఆ పని జరిగింది.

తప్పు ఆ సాఫ్ట్‌వేర్‌దీ కాదు. ఆ తరహావి ఫైళ్లను ముక్కలు చేసి, ప్రతి ముక్కకీ ఒక వేలిముద్రలాంటి సంఖ్య కట్టి, ఇది నా దగ్గర ఇదివరకే ఉందా అని చూసుకుంటాయి. ఫైలు పేరు మారినా, ఫోల్డరు మారినా మోసపోవు, చోటు బాగా ఆదా చేస్తాయి. కానీ ఆ వేలిముద్రల పట్టీని పని జరుగుతున్నంతసేపూ ర్యామ్‌లో పెట్టుకుంటాయి. గాదె పెరిగేకొద్దీ పట్టీ పెరుగుతుంది. పదహారు జీబీల యంత్రానికి అదొక లెక్క కాదు, మా ముసలిదానికి మోయలేని బరువు.

అప్పుడు పాతవాళ్ల దారి వెతికాను. 1970ల యూనిక్స్ పీడీపీ-11 యంత్రాల మీద నడిచింది. వాటిలో ఒక ప్రోగ్రాముకు ఒకేసారి అందే చిరునామాలు 64 కిలోబైట్ల మేరకే. ఆ కాలపు డంప్ అనే ప్రోగ్రాము పెద్ద పట్టీ ఏదీ మనసులో పెట్టుకోదు. ఏ స్థాయి నకలు ఏ తేదీన తీశామో చిన్న ఫైల్లో రాసి పెడుతుంది. స్థాయిలు సున్నా నుంచి తొమ్మిది దాకా. సున్నా అంటే మొత్తం. మిగతా ఏ అంకె వేసినా, దానికన్నా తక్కువ స్థాయిలో ఆఖరున తీసిన నకలు తర్వాత మారినవన్నీ వస్తాయి.

దీని అందం వరసలో ఉంది. బీఎస్‌డీ యూనిక్స్ మాన్యువల్ సున్నా తర్వాత 3, 2, 5, 4, 7, 6, 9, 8, 9, 9 అని వెయ్యమంటుంది. హనోయ్ గోపురం అనే బిళ్లల ఆట నుంచి పుట్టిన వరస ఇది. మొదటి రోజు ఒక టేపు మీద 3 వేశాం. రెండో రోజు 2 వేస్తే, దానికన్నా చిన్నది సున్నా ఒక్కటే కాబట్టి మొదటి రోజు మార్పులు కూడా మళ్లీ అందులోకి వస్తాయి. 3 టేపు పాడైనా ఆ సరుకు చాలామటుకు 2లో దొరుకుతుంది. ఆరో రోజు సాయంత్రం డిస్కు పోతే 0, 2, 4, 6 అనే నాలుగు టేపులు చాలు, ఏడూ ఎక్కించక్కర్లేదు. రోజువారీ చిట్టాలో ఒక కాగితం చిరిగితే ఆపై లెక్కంతా పోతుందన్న భయానికి ఇంత చవకైన విరుగుడు నేను మరొకటి చూడలేదు.

1979లో ఏడో ఎడిషన్ యూనిక్స్‌తో వచ్చిన, ఫైళ్లను ఒకే మూటగా కట్టే టార్‌ది కూడా అదే మడి. దాని మూట 512 బైట్ల ముక్కలు, మామూలుగా ఇరవై ముక్కలు ఒక కట్ట. ఎంత పెద్ద ఫైలైనా ర్యామ్‌లోంచి కాలువలో నీళ్లలా పారిపోవలసిందే, నిలవదు. అయితే ఆ మూటను ఎక్స్‌జెడ్ అనే ప్రోగ్రాముతో కుదిద్దామనుకుంటే జాగ్రత్త. దాని తొమ్మిదో మెట్టుకు 674 ఎంబీ ర్యామ్ కావాలి, మామూలుగా వాడే ఆరో మెట్టుకు 94. జేపెగ్ ఫొటోలు ఎలాగూ కుదించినవే. వాటిని మళ్లీ పిండడం పిప్పిని గానుగలో వెయ్యడమే.

చివరికి నేను స్థిరపడింది ఆర్‌సింక్ దగ్గర. 1996లో ఆస్ట్రేలియన్ నేషనల్ యూనివర్సిటీలో ఆండ్రూ ట్రిడ్జెల్, పాల్ మెకారస్ దీన్ని తయారుచేశారు. ఫైలు మీద ఒక కిటికీని ఒక్కో బైటూ జరుపుతూ, దండలో ఈ చివర పువ్వు తీసి ఆ చివర గుచ్చినట్టు లెక్కను సవరించుకుంటూ పోయే దాని ఉపాయం గురించి అందరూ చెబుతారు. నెట్‌వర్క్ మీద అది అద్భుతమే. పక్కనే ఉన్న యూఎస్‌బీ డిస్కుకు నకలు తీస్తున్నప్పుడు మాత్రం ఆర్‌సింక్ ఆ ఉపాయం జోలికే పోదు. సైజూ, ఆఖరుగా మార్చిన సమయమూ చూస్తుంది. రెండూ కలిస్తే దాటిపోతుంది, లేకపోతే ఫైలంతా మళ్లీ రాస్తుంది.

దానికీ ఒకప్పుడు మెమరీ జబ్బు ఉండేది. ఫైళ్ల జాబితా మొత్తం ముందే కట్టుకునేది. ఫైలుకు సుమారు వంద బైట్లు, ఎనిమిది లక్షల ఫైళ్లయితే 80 ఎంబీ. 2008లో వచ్చిన 3.0 నుంచి ఫోల్డర్లను విడతలు విడతలుగా చూసి వదిలేస్తూ పోతుంది. తొలగింపులన్నీ ముందే, లేదా అన్నీ ఆఖర్నే చెయ్యమని అడిగితే మాత్రం మళ్లీ పాత జాబితా కట్టుకుంటుంది. నేను ఆ పొరపాటు రెండు వారాలు చేశాను.

లింక్-డెస్ట్ అనే ఆప్షన్ ఇచ్చామా, అసలు సౌఖ్యం మొదలవుతుంది. మనలో చాలామందికి ఇంట్లో ఒక పేరు, బడి రిజిస్టర్లో ఒక పేరు. మనిషి ఒక్కడే. యూనిక్స్‌లో ఫైలూ అంతే, ఎన్ని ఫోల్డర్లలోనైనా ఎన్ని పేర్లైనా పెట్టుకోవచ్చు. దాన్నే హార్డ్ లింక్ అంటారు. నకళ్లకు రోజుకో ఫోల్డరు పెడితే, మారని ఫొటోకు ఈ రోజు ఫోల్డర్లో ఇంకో పేరు మాత్రం పడుతుంది, కొత్తగా రాసేది మారినదాన్నే. దాంతో ఏ తేదీ ఫోల్డరు తెరిచినా ఆ రోజటి ఇల్లంతా అక్కడుంటుంది. పాత తేదీని చెరిపేస్తే ఒక పేరు పోతుంది, ఆఖరి పేరు ఉన్నంతవరకు ఫైలు పోదు.

చిక్కులు ఉన్నాయి. గాదెలోని ఫైలును అక్కడే తెరిచి దిద్దితే అన్ని తేదీల్లోనూ మారిపోవచ్చు. ఎక్స్‌ఫ్యాట్‌తో వచ్చే డిస్కుల్లో హార్డ్ లింకులు ఉండవు, ముందే ఎక్స్‌ట్4గా ఫార్మాట్ చేసుకోవాలి. ఫోల్డరు పేరు మారిస్తే అందులోవన్నీ కొత్తవే అనుకుని మళ్లీ రాస్తుంది. ఇవన్నీ భరించాను, ఎందుకంటే తిరిగి తీసుకోవడానికి ఏ సాఫ్ట్‌వేరూ అక్కర్లేదు, మామూలుగా కాపీ చేసుకుంటే చాలు.

మొన్న అక్క ఫోన్ చేసింది. మేనకోడలి పెళ్లికి పిలవాల్సినవాళ్ల షీటు మా ఇంట్లోనే ఉంది.

"తమ్ముడూ, నిన్నటిది దొరుకుతుందా?"

"నిన్నటిది కావాలా, మొన్నటిదా, పోయిన ఆదివారందా అక్కా?"

కాసేపు ఆలోచించింది. "నాన్న ముట్టుకోకముందుది ఇవ్వరా."