రౌతు కన్నా ముందు నేల

రౌతు మెత్తనైతే గుర్రం మూడు కాళ్ల మీద నడుస్తుందని సామెత. హైదరాబాద్ ఐటీ కారిడార్ దాటి మొయినాబాద్ దారిలో పొద్దున్నే జంపింగ్ నేర్చుకునే సాఫ్ట్‌వేర్ కుర్రాళ్లూ దీన్నే నమ్ముతారు. అడ్డుకర్ర ముందు గుర్రం మొరాయిస్తే మడమలు ఇంకాస్త గట్టిగా అదుముతారు. తప్పు రౌతుదే కావచ్చు. అయినా ఒకసారి జీను దిగి, గుర్రం కాలు మోపిన చోట బూటుతో తొక్కి చూడటం మంచిది.

దూకి దిగేటప్పుడు ముందుగా ఒకే ఒక్క ముంగాలు నేలను తాకుతుంది. గుర్రం బరువు దాదాపు 500 కిలోలు. ఆ క్షణాన ఆ కాలి మీద పడే బలం అంతకన్నా ఎక్కువే. నేల మరీ గట్టిదైతే దెబ్బ గిట్ట నుంచి కీళ్లకు ఎక్కుతుంది. మరీ వదులైతే కాలు దిగబడి టెండన్లు సాగుతాయి. నొప్పి పుట్టిన చోటును గుర్రం మరవదు. మర్నాడు అదే కర్ర దగ్గర ఆగితే మనం దానికి మొండితనమని పేరు పెడతాం.

అంతర్జాతీయ అశ్వక్రీడల సమాఖ్య 2014లో అరేనా నేలలపై ఓ శ్వేతపత్రం తెచ్చింది. తాకిడికి గట్టిదనం, బరువును ఆపుకునే మెత్తదనం, తిరిగి ఇచ్చే ఊపు, పట్టు, అంతటా ఒకేతీరు అని నేలకు ఐదు గుణాలు చెప్పింది. జంపింగ్ వరకు నా ఓటు చివరిదానికే. గట్టి నేలకైనా గుర్రం అలవాటు పడుతుంది గానీ, అడుగడుక్కీ మారే నేలకు పడలేదు. క్యాంటర్ అనే మధ్యస్థ పరుగులో దాని అంగ సుమారు 3.6 మీటర్లు. రెండు అడ్డుకర్రల మధ్య దూరం ఈ లెక్క మీదే పెడతారు. ఇసుక లోతైతే అంగ కురచవుతుంది, రెండో కర్రకు మరీ దూరం నుంచి లేవాల్సి వస్తుంది. కర్రలను ఎవరూ కదపకపోయినా లెక్క తప్పుతుంది.

మన దగ్గర ఈ ఒకేతీరే కష్టం. నగరానికి పడమట గ్రానైట్ అరిగి ఏర్పడిన మొరం, చెలక నేలలు. చేవెళ్ల వైపు పోతే మధ్యమధ్య నల్లరేగడి. మొరం ఎండకు బిగుస్తుంది. రేగడి ఎండితే నెర్రెలిస్తుంది, తడిస్తే గిట్టను వదలదు. అందుకే నీళ్లు ఇంకేలా కంకర పునాది వేసి పైన ఇసుక పరుస్తారు. ఏ ఇసుకన్నదే అసలు పేచీ. వాగు ఇసుక రేణువులు నున్నగా ఉండి గిట్ట కింద దొర్లుతాయి. రోబో శాండ్‌లోని రాతిపొడి తడిసి ఎండితే గట్టిపడుతుంది. కోసుగా ఉండే సిలికా రేణువులు ఒకదాన్నొకటి పట్టుకుంటాయి, అదీ తగినంత తడి ఉంటేనే. విశాఖ బీచ్‌లో అల తడిపిన అంచున పరుగెత్తినవాళ్లకూ, పైనున్న పొడి ఇసుకలో కాళ్లీడ్చినవాళ్లకూ ఈ తేడా చెప్పక్కర్లేదు. గుర్రాలకు లక్షలు పోసి, మే నెలలో ట్యాంకర్ నీళ్లకు వెనకాడటం నాకు అర్థం కాని పొదుపు.

ఇక పరిసరాలు. గుర్రానికి చుట్టూ దాదాపు అంతా కనిపిస్తుంది గానీ నుదుటికి సరిగ్గా ఎదురుగా కొంత మేర కనపడదు. గాల్లోకి లేచే చివరి క్షణాన కర్ర దాని చూపులోంచి జారిపోతుంది. ఎరుపు, ఆకుపచ్చల తేడా దానికి తెలీదు. పచ్చిక మీద నారింజ రంగు మనకు కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది, దానికి కలిసిపోతుంది. బ్రిటన్ గుర్రప్పందేల్లో హర్డిళ్ల నారింజ రంగును తెలుపుకు మార్చాలనుకున్నది ఇందుకే. ఎండ నుంచి నీడకు దాని కళ్లు మెల్లగా సర్దుకుంటాయి. కాబట్టి ఉదయం ఏడింటికి తూర్పు ముఖంగా గానీ, చెట్టునీడ చారలు పడేచోట గానీ కొత్త గుర్రానికి కర్ర పెట్టకూడదు. 2021 ఆగస్టులో టోక్యో ఒలింపిక్స్ జంపింగ్ అర్హత పోటీలో ఓ అడ్డు పక్కన సుమో మల్లుడి బొమ్మ నిలబెట్టారు. దాన్ని చూసి గుర్రాలు బెదిరాయని రౌతులే చెప్పారు. అవి ఒలింపిక్స్ దాకా వచ్చిన గుర్రాలు!

మన చెవి 20 కిలోహెర్ట్జ్ దగ్గర ఆగిపోతే గుర్రం 33 దాకా వింటుంది. అందుకే చుట్టుపక్కల నిశ్శబ్దమూ దానికి ముఖ్యం. 1996 నాటి 111 జీవో ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ జలాశయాల చుట్టూ 10 కిలోమీటర్ల మేర నిర్మాణాలకు పగ్గం వేసింది. తాగునీటి కోసం తెచ్చిన ఆ జీవోయే అజీజ్‌నగర్‌లోని హైదరాబాద్ పోలో అండ్ రైడింగ్ క్లబ్ వంటి చోట్లకు ఖాళీ జాగానూ నిశ్శబ్దాన్నీ మిగిల్చిందని నా అనుకోలు. 2022లో ప్రభుత్వం ఆ ఆంక్షలను ఎత్తేస్తూ జీవో ఇచ్చింది. కోకాపేట టవర్లు కట్టే క్రేన్లు అటు జరిగితే గుర్రాలకు కొత్త చప్పుళ్లు నేర్పక తప్పదు.

చప్పుడుకు అలవాటు పడటం కుదిరేదే. పాతబస్తీ బారాత్ గుర్రం మర్ఫా వాయిద్యాల మోతలో చెవి కూడా కదపదు. పద్ధతి పాతదే: బెదిరిన వస్తువును ముందు రౌతు ముట్టుకుని చూపాలని, గుర్రాన్ని నెమ్మదిగా దగ్గరికి తీసుకెళ్లాలని, కొడితే భయం పెరుగుతుందని గ్రీకు రచయిత జెనొఫోన్ క్రీస్తుపూర్వం నాలుగో శతాబ్దంలోనే రాశాడు. అరేనాలో దీన్ని ఇలా వాడతారు: మొదటిరోజు కర్ర నేల మీదే ఉంటుంది. అనుభవమున్న ముసలి గుర్రం ముందు దాటుతుంది, కొత్తది పగ్గాలు వదులుగా దాని వెనకే నడుస్తుంది. అలా ఆగకుండా, చెవులు నిక్కించకుండా దాటాక కర్రను ఓ అడుగు ఎత్తుతారు, అదీ ఆ పూట ఇసుక తడిపి, దున్ని, చదును చేశాకే.