పట్టా దగ్గర ఆగిపోయిన కథ

ఈమధ్య నర్సీపట్నంలో కొత్త రచయితల కథల మీద చర్చకు వెళ్లాను. చదివిన వాటిలో ఒకటి ఇల్లు లేని కుటుంబం గురించి. అబీద్ సెంటర్లో పొద్దుటే కూలికి నిలబడే ఆడమనిషి, మురిక్కాలవ పక్కన రేకుల పాక, ఆఖరికి చేతికొచ్చిన ఇళ్లస్థలం పట్టా. ఖాళీ జాగాలో ఆమె దీపం పెట్టడంతో కథ అయిపోతుంది. చాలామంది మెచ్చుకున్నారు. నాకు మాత్రం మొదలుకావలసిన చోట ఆగిపోయిందనిపించింది.

రచయిత నిజాయితీని నేను శంకించడం లేదు. వానకి కారే రేకు కింద గిన్నెలు పెట్టే సన్నివేశం అతను చూసి రాసిందే. లోపం దృక్పథంలో ఉంది. ఇల్లంటే నాలుగు గోడలూ ఒక కాగితమూ అనే మధ్యతరగతి భ్రమ అతన్ని వదల్లేదు. 2020 డిసెంబరు 25న మొదలైన పంపిణీలో రాష్ట్రమంతటా 30 లక్షలకు పైగా పట్టాలన్నారు. పల్లెలో సెంటున్నర, పట్టణంలో సెంటు. సెంటంటే 48 చదరపు గజాలు. కట్టుకోవడానికి లక్షా 80 వేలు. చాలని డబ్బు ఎవరి దగ్గర, ఏ వడ్డీకి తెచ్చింది? ఊరికి దూరంగా వేసిన లేఅవుటైతే ఆమె ఆరింటికల్లా అడ్డాకి ఎలా వస్తుంది? కూలిలో ఆటోకి పోయేదెంత? (2024లో వచ్చిన ప్రభుత్వం రెండు సెంట్లు, మూడు సెంట్లు అంది. దూరాన్ని సెంట్లు తగ్గించవు.) కథావస్తువు ఇక్కడుంది.

1985లో బొంబాయి పేవ్‌మెంటు వాసుల కేసులో సుప్రీంకోర్టు, బతుకుతెరువు దగ్గర్లో ఉంది కనకనే వాళ్లక్కడ ఉంటున్నారనీ, జీవనోపాధి జీవించే హక్కులో భాగమేననీ ఒప్పుకుంది. ఒప్పుకుంటూనే, పద్ధతి ప్రకారం ఖాళీ చేయించవచ్చునంది. తీర్పులోనే ఇంత వైరుధ్యం ఉంటే కథలో ఒక్కటీ లేకపోవడమేమిటి?

చాసో 'ఎంపు' చూడండి. ముష్టివాళ్ల పెళ్లి సంబంధం. కూతురు కుంటివాణ్ణి కోరుకుంటుంది, తండ్రి లాభనష్టాలు చూసి గుడ్డివాణ్ణి ఎంచుతాడు. రచయిత ఎక్కడా జాలిపడడు. ఆస్తి లేనివాళ్ల మధ్యకి ఆస్తి న్యాయం ఎలా జొరబడుతుందో ఆ బేరంలోనే తెలిసిపోతుంది.

చర్చలో ఇదంతా చెప్పాను. ఒకమ్మాయి లేచి, "మాస్టారూ, పట్టా రానివాళ్ల మాటేమిటండీ? అద్దెకి వెళ్తే ముందు కులం అడుగుతున్నారు. అది మన కథల్లో ఎందుకు లేదు?" అంది. మంచి ప్రశ్నేనని తప్పించుకున్నాను.

కిందటేడు మా మేడమీద వాటా చూడ్డానికి ఒక కుర్రాడొచ్చాడు. కులమేమిటని పైకి అనలేదు. "ఏ ఊరు బాబూ, ఇంటిపేరేమిటి?" అన్నాను. చెప్పాడు. "వేరేవాళ్లకి మాటిచ్చేశాం" అన్నాను. ఆ వాటా తర్వాత రెండు నెలలు ఖాళీగా ఉంది.

ఆ కుర్రాడి వైపు కథ ఆ అమ్మాయి రాయగలదు. తలుపు లోపలివైపుది నాకే తెలుసు. దీపం కథ రాసిన రచయితకి ఉత్తరం రాస్తూ నా అభ్యంతరాలతోపాటు ఇది కూడా రాశాను.